కొని తెచ్చిన ఇసుక

ఆటోలోంచి ఇసుక బస్తాలు దించుతుంటే మా అత్త వరండాలో కూర్చొని చూస్తూ ఉంది. మూడు బస్తాలు, ఒక్కోటి 25 కిలోలు. మూడోది కూడా లోపలికి పోయాక అడిగింది, "ఏమ్మా, మిద్దె మీద మిద్దె ఏమన్నా కడుతున్నామా?" అని. చేపల తొట్టిలోకి అని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత నింపాదిగా, "అప్పుడు హంద్రీ ఊరికే తెచ్చి పోసిపోయింది గదమ్మా ఇంట్లోకి. ఎత్తి పారబోయలేక సచ్చినాం. ఇప్పుడు నువ్వు దుడ్లిచ్చి తెచ్చినావా?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు మేం పాతబస్తీలో ఉండేవాళ్లం. నీళ్లు తగ్గాక ఇంట్లో మోకాళ్ల దాకా బురద. బియ్యం డబ్బాలో బురద, బీరువాలో పట్టుచీరల మడతల మధ్య బురద. ఆ వాసన నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది. ఎందుకు చెబుతున్నానంటే, చేపల తొట్టి ఖాళీ చేసిన రోజు ఆ వాసన మళ్లీ వచ్చింది.

తొట్టి మా మరిది హోటల్‌ది. హోటల్ మూసేసినప్పుడు టేబుళ్లు, గ్రైండరు అన్నీ ఎవరో ఒకరు కొన్నారు గానీ ఆరడుగుల గాజు తొట్టిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. "వదినా, నీకు చేపలంటే ఇష్టం కదా" అని నలుగురు మనుషులతో మోయించి మా హాల్లో పెట్టించి వెళ్లాడు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. లెక్కకు 680 లీటర్లు. పైన వదిలిన ఖాళీ, కింద రాళ్లు పోగా ఆరు వందలకు కాస్త తక్కువే పడతాయి. అడుగున మూడు అంగుళాల మందాన నీలం రంగు గులకరాళ్లు, మధ్యమధ్యలో గులాబీ రంగువి. హోటల్ జనానికి అలాంటివే నచ్చుతాయట. రాళ్ల కింద ప్లాస్టిక్ జల్లెడ పలకలు. అదే అండర్ గ్రావెల్ ఫిల్టరు. ఆక్సిజన్ మోటారు గాలి ఊదుతుంటే నీళ్లు రాళ్ల సందుల్లోంచి కిందికి దిగి, గొట్టాల్లోంచి పైకి వస్తాయి. చెత్త రాళ్లలో ఆగిపోతుంది. ఆగి ఏమవుతుంది అని నేను నాలుగేళ్లు ఆలోచించలేదు.

అందులో నాలుగు ఏంజెల్స్, ఐదు క్లౌన్ లోచ్‌లు, గాజుకు అతుక్కొని పాచి నాకే మూరెడు సక్కరు ఒకటి, ఆరు కోరీలు. కోరీడోరస్ అని మన జెల్లల తరహా చేపలే, దక్షిణ అమెరికావి. మామూలుగా మూడంగుళాలకు మించవు. మా అత్త వాటిని పిల్ల జెల్లలు అంటుంది. రోజంతా అడుగున తిరుగుతూ మీసాలతో తడుముకుంటూ మేత వెతుక్కుంటాయి. నాకు ఈ తొట్టిలో అన్నిటికంటే ఇష్టమైనవి అవే.

పోయిన వినాయక చవితి అప్పుడనుకుంటా, ఒక కోరీకి మీసాలు లేవని గమనించాను. మరోదానికి ఒక పక్క సగమే ఉంది. ఏదో తెగులు అనుకొని షాపులో ఇచ్చిన నీలం మందు చుక్కలు వేశాను, ఉప్పు వేశాను. ఏమీ మారలేదు. రాళ్లు గరుగ్గా ఉంటే రాసుకుపోయి మీసాలు అరిగిపోతాయని అప్పుడు తెలిసింది. చేత్తో ఒక నీలం రాయి తీసి బుగ్గకు రాసుకొని చూశాను. నిజమే, పగలగొట్టి రంగు పూసిన రాయి, అంచు చురుక్కుమంది. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కోరీలు పుట్టిన నదుల అడుగున మెత్తని ఇసుకే ఎక్కువగా ఉంటుందని చదివీ, నాలుగేళ్లు వాటిని కంకర మీద తిప్పానన్నమాట.

ఇసుక మారుద్దాం అనుకోవడం సులువు. ఏ ఇసుక అన్న దగ్గరే నెల పోయింది.

మా వీధిలో ఇల్లు కడుతున్నారు, తుంగభద్ర ఇసుక కుప్ప పోసి ఉంది. మా వాడు ఒక బకెట్ అడిగి తెచ్చాడు. కడిగితే ఎన్నిసార్లు కడిగినా మన్ను నీళ్లే. పైగా సన్నని గుల్లల ముక్కలు కనిపించాయి. స్టీలు గిన్నెలో కాస్త వేసి వెనిగర్ పోశాను. అక్కడక్కడా బుడగలు. ఇది మన కర్నూలు వాళ్లకు విడమరచి చెప్పాల్సిన పనిలేదు, బాత్రూం కడిగే యాసిడ్ బేతంచెర్ల నాపబండ మీద పడితే బుసబుసా ఎలా పొంగుతుందో అందరం చూసిందే. సున్నం ఉన్న రాయి ఏదైనా అంతే. అది నీళ్లలో ఉంటే మెల్లగా కరుగుతూ నీళ్లను ఇంకా కఠినం చేస్తుంది. మన నీళ్లు ముందే చప్పనివి కావు. మా బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంది. కొళాయి నీళ్లే తొట్టికి వాడతాను, వాటి పీహెచ్ కూడా 8 దగ్గరే. అన్నట్టు, లోచ్‌లు దాక్కోవడానికని నాలుగేళ్ల కిందట నాపరాయి ముక్కలు నేనే గూడులా పేర్చాను. వెనిగర్ సీసా చేతిలో ఉండగానే ఆ సంగతి గుర్తొచ్చింది. వాటినీ తీసేయాల్సిన జాబితాలో వేసుకున్నాను.

కంకర మిషన్ ఇసుక వద్దు, అది రాయి పగలగొట్టిందే, మళ్లీ అవే అంచులు. అక్వేరియం షాపులో కిలో ప్యాకెట్లలో తెల్లగా మెరిసే ఇసుక ఉంది, ధర చూసి అక్కడే పెట్టేశాను. తెల్లటి అడుగు మీద చేపలు రంగు తగ్గి పాలిపోయినట్టు కనబడతాయి కూడా. చివరికి దొరికింది వాటర్ ప్లాంట్ల సామాన్లు అమ్మే షాపులో. ఫిల్టరు సిలిండర్లలో పోసే సిలికా ఇసుక. లేత గోధుమ రంగు, గుండ్రటి గింజ, బొంబాయి రవ్వంత. వెనిగర్ పోస్తే ఉలుకూ పలుకూ లేదు. షాపబ్బాయి "ఎన్ని వేల లీటర్ల ప్లాంటు మేడం?" అన్నాడు. ఆరు వందలు అంటే నవ్వాడు, చేపలకని చెప్పాక ఇంకా నవ్వాడు.

లెక్క ఇలా వేశాను: అడుగు 12 చదరపు అడుగులు, ఒకటిన్నర అంగుళం మందం, అంటే సుమారు 42 లీటర్ల ఇసుక, 68 కిలోల దాకా. మూడు బస్తాలు సరిపోయి కాస్త మిగులుతుంది. ఇంకా మందంగా పోస్తే అడుగు పొరలకు గాలి ఆడక కుళ్లిపోతుందని భయం.

కానీ అసలు టెన్షన్ ఇసుక కాదు. తొమ్మిదో తరగతికి నత్రజని వలయం బోర్డు మీద బాణాలు గీసి చెబుతాను. చేపల మలమూత్రాల నుంచి అమ్మోనియా, దాన్ని బాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం బాక్టీరియా నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ చేపలకు విషం. ఆ బాక్టీరియా నీళ్లలో పెద్దగా ఉండదు, దేన్నైనా అంటిపెట్టుకొని ఉంటుంది. నా తొట్టిలో అదంతా ఉన్నది నీలం రాళ్లలోనే. రాళ్లు తీసేస్తే వంటవాళ్లందరినీ ఒక్క పూటలో మాన్పించినట్టు. పైగా ఇసుక కింద జల్లెడ ఫిల్టరు పనిచేయదు, సందులన్నీ మూసుకుపోతాయి. అందుకే దీపావళి తర్వాత తొట్టి బయట పెట్టే కానిస్టర్ ఫిల్టరు ఒకటి కొని, పాతదానితో పాటే రెండు నెలలు నడిపాను. దానిలోని స్పాంజికి బాక్టీరియా పట్టాలని. మా ఆయన కరెంటు బిల్లు చూసి ఏదో అన్నాడు, వినలేదు.

సంక్రాంతి సెలవుల్లో, కనుమ మర్నాడు పొద్దున మొదలుపెట్టాం. నేను, ఇంటర్ చదువుతున్న మా వాడు. రెండు నీలం డ్రమ్ముల్లోకి తొట్టి నీళ్లే తోడి, హీటరు పెట్టి, ముందు చేపలను దింపాం. క్లౌన్ లోచ్‌కు కంటి కింద ముల్లు ఉంటుంది, భయపడితే బయటికి పొడుస్తుంది, వలలో చిక్కుకుంటే విడదీయడం నరకం. అందుకని గిన్నెతో పట్టాం. చేతికి దొరికినప్పుడు టక్ టక్ మని చప్పుడు చేస్తాయి. మొదటిసారి వింటే గాజు పగిలిందనుకుంటారు.

ఆ తర్వాత రాళ్లు. చేటతో మొదటి ఎత్తు ఎత్తగానే నీళ్లు టీ రంగుకు తిరిగాయి. రెండో ఎత్తుకు నల్లగా. అప్పుడొచ్చింది ఆ వాసన. కుళ్లిన గుడ్లు, తడి బట్ట, మన్ను కలిసిన వాసన. వంటింట్లోంచి మా అత్త బయటికి వచ్చి తలుపు దగ్గర ఆగిపోయింది. "వరద వాసన" అంది. అంతే. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వారం వారం నాలుగో వంతు నీళ్లు మార్చేదాన్ని, గాజు తుడిచేదాన్ని, పైన నీళ్లు అద్దంలా ఉండేవి. కింద నాలుగేళ్ల మడ్డి.

మీసాలు పోవడానికి రాళ్ల అంచులే కారణమని అప్పటిదాకా అందరికీ చెప్పుకొచ్చాను. ఆ మడ్డి చూశాక అంత గట్టిగా చెప్పలేను. ఆ చేపలు రోజంతా మూతి పెట్టేది అందులోనే. మురికిలో బాక్టీరియా సోకి కూడా మీసాలు ఊడతాయి. అంచులు కొంత, నేను చాలా.

నూట ముప్పై కిలోల రాళ్లు బకెట్లలో మోయడం గురించి ఏం రాస్తాం. మడ్డి నీళ్లన్నీ జామ చెట్టుకు, మల్లె పాదుకు పోశాం.

చివర్న జల్లెడ పలకలు. మూల పలక మా వాడు ఎత్తాడో లేదో, "మ్మా! పాము!" అని వదిలేశాడు. చూద్దును కదా, పసుపు, నలుపు పట్టీలతో మూడంగుళాల పుల్లలాంటి చేపలు, రెండు. కూలీ లోచ్‌లు. తొట్టి వచ్చిన కొత్తలో మూడు కొన్నాను, నెలలోపు కనబడకుండా పోయాయి. సక్కరు తినేసిందని దాని మీద నింద వేశాను. అవి గొట్టం సందులోంచి దిగి, నాలుగేళ్లుగా పలకల కింద చీకట్లో, పైనుంచి రాలింది తింటూ బతికాయి. సన్నబడను కూడా లేదు, బొద్దుగా ఉన్నాయి. మూడోది కనబడలేదు. పేరు చెబితే మా అత్త, "కూలీలా? పాపం, కూలి ఇయ్యకుండా నాలుగేండ్లు కింద పని చేయించినావా" అంది.

ఇసుక ముందురోజే కడిగి పెట్టాను. బకెట్‌లో మూడో వంతు వేసి, పైపు లోపలికి గుచ్చి, నీళ్లు పొర్లించడం. పది పన్నెండు సార్లకు గానీ తేటపడలేదు. తొట్టి అడుగున పరిచి, మీద పళ్లెం పెట్టి, పళ్లెం మీదికి మెల్లగా నీళ్లు వదిలాం. సగం పాత నీళ్లు, సగం యాంటీ క్లోరిన్ కలిపిన కొళాయి నీళ్లు. దోమతెర ముక్కలో రెండు కిలోల నీలం రాళ్లు పైపైన కడిగి మూట కట్టి ఒక మూల వేలాడదీశాను, ఆ బాక్టీరియా కొత్త చోటికి పాకుతుందని. సాయంత్రం నాలుగుకు తొట్టి చూస్తే రాగి జావ. తెల్లారేసరికి తేరుకుంటుందిలే అని ఆగి ఉండాల్సింది. డ్రమ్ముల్లో చేపలు ఉన్నాయన్న తొందరలో కానిస్టర్ ఆన్ చేశాను. గరగరమని చప్పుడు. ఇసుక లోపలికి లాగేసింది. ఆపి, విప్పి, మోటారు చక్రంలోంచి ఇసుక గింజలు పాత టూత్‌బ్రష్‌తో తీసి, మళ్లీ బిగించేసరికి రాత్రి తొమ్మిది. చేపలు ఆ రాత్రంతా డ్రమ్ముల్లోనే ఉన్నాయి. పొద్దున వదిలాను.

నాలుగో రోజు పరీక్ష చుక్కలు వేస్తే అమ్మోనియా 0.5 చూపించింది. పీహెచ్ 8 దగ్గర అమ్మోనియా ఇంకా ఎక్కువ విషం. మేత ఆపేసి, రోజూ పాతిక శాతం నీళ్లు మార్చాను. బడి నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా చుక్కలు వేసిన రోజులున్నాయి. పదో రోజుకు సున్నా. ఒక్క చేపా పోలేదు. తర్వాత ఇసుక మీద, గాజు మీద గోధుమ రంగు పొర పట్టింది. కొత్తగా మార్చిన తొట్టికి అది మామూలే, డయాటమ్‌లనే ఒక రకం నాచు. సక్కరు నాకేసింది, దాని మీద వేసిన నింద వెనక్కి తీసుకున్నాను.

ఇసుకతో పని తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. సక్కరు వేసే తాడు లాంటి పెంట ఇప్పుడు ఇసుక మీద ఎత్తి చూపినట్టు కనబడుతుంది. సైఫన్ పైపు ఇసుకలో గుచ్చకూడదు, అంగుళం పైన తిప్పితే చెత్త మాత్రం లేచి వస్తుంది. వారానికోసారి వెదురు పుల్లతో ఇసుకను కాస్త కెలుకుతాను. రాళ్లున్నప్పుడు పదిహేను నిమిషాల పని, ఇప్పుడు అరగంట. పోనీలే. కనబడుతోంది కాబట్టి తీస్తున్నాను.

కోరీలు మాత్రం మొదటి పూటే తెలుసుకున్నాయి. కళ్ల దాకా మూతి ఇసుకలో దూర్చి, నోటినిండా తీసుకొని, మొప్పల్లోంచి ఇసుక పొగలా వదులుతాయి. ఆరూ ఒకే వరసలో ఆ పని చేస్తుంటే పొలంలో కలుపు తీసే ఆడవాళ్లు గుర్తొస్తారు. సగం మీసం పోయినదానికి రెండు నెలల్లో మళ్లీ మొలిచింది. పూర్తిగా పోయినదానికి రాలేదు, మొదలంటా పోయిందేమో. అయినా మూతితోనే తవ్వుకుంటుంది, మేతకు ముందు వచ్చేది అదే. కూలీలు పగలంతా ఇసుకలో తల మాత్రం బయట పెట్టి పడుకుంటాయి, లైటు ఆపాక తిరుగుతాయి. మా అత్త టీవీ ఆపేసి, చీకట్లో సెల్‌ఫోన్ లైటు వేసుకొని వాటి కోసం వెతుకుతుంది.

బస్తాలో ఏడెనిమిది కిలోల ఇసుక మిగిలింది. మెట్ల కింద పెట్టాను. మొన్న బడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా వేగిన వాసన. మా అత్త ఇనుప మూకుడులో ఆ ఇసుక పోసి వేరుశనగ బుడ్డలు వేయిస్తూ ఉంది. "పన్నెండు తూర్లు కడిగినావంట గదా" అంది జల్లెడ పడుతూ. నాకూ ఒక గిన్నెలో పెట్టింది. బాగా వేగాయి, ఒక్కటీ మాడలేదు.