వైర్ల మధ్య గాలి

ఓవర్‌లోడ్ మీద కాలిన మోటారు మూత తీస్తే చాలు, వైండింగ్ అంతా నల్లబడి మాడు వాసన కొడుతుంది. ఈమధ్య ఆటోనగర్‌లో మా రీవైండింగ్ షాపుకి వస్తున్నవి కొన్ని అలా లేవు. వైండింగ్ కొత్తదానిలా మెరుస్తుంటుంది. కరెంటు లోపలికొచ్చే లీడ్ పక్కన మొదటి కాయిల్లో మాత్రం రాగి వైరు మీది ఎనామిల్ పూత సూదిమొనంత లేచిపోయి, రాగి కరిగి చిన్న పూస కట్టి ఉంటుంది. మొన్న గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన కంప్రెసర్ మోటారుదీ అదే కథ. అన్నీ డ్రైవ్ మీద, అంటే మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె మీద నడిచేవే.

"వైరు నాసిరకం" అంటారు నాన్న. నాకు ఆ మాట సరిపోలేదు. ఎఫ్‌ఈఎంఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆనుకుని ఉన్న రెండు వైర్లను అడ్డంగా కోసినట్టు గీశాను. రాగి 0.9 మిల్లీమీటర్లు, చుట్టూ ఎనామిల్ మందం 0.04. పర్మిటివిటీ, అంటే ఫీల్డ్‌ని (మిల్లీమీటరుకు పడే వోల్టేజీని) పదార్థం ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె, ఎనామిల్‌కి 4, గాలికి 1. వైర్ల మధ్య 1000 వోల్టులు. వైర్లు గుండ్రం కాబట్టి, ఆనిన చోటు నుంచి పక్కకి జరిగేకొద్దీ గాలి సందు వెడల్పవుతుంది. లెక్క కోసం బొమ్మను చిన్న ముక్కలు చేసే మెష్ అక్కడ బాగా సన్నగా ఉండాలి, లేకపోతే వచ్చే అంకెల్ని నమ్మలేం.

ఫీల్డ్ ఎనామిల్‌లో తక్కువ, ఆ సందులో ఎక్కువ! సందు 0.02 మిల్లీమీటర్లు ఉన్నచోట దాదాపు సగం వోల్టేజీ గాలి మీదే పడింది. 500 వోల్టులు, అంటే మిల్లీమీటరుకు 25 కిలోవోల్టులు. వైర్లు ఆనిన చోట ఫీల్డ్ ఇంకా ఎక్కువే, కానీ గండం అక్కడ లేదు. ఎలక్ట్రాన్లు పరుగందుకుని అణువుల్ని ఢీకొట్టడానికి అక్కడ చోటే లేదు. 1889 నాటి పాషెన్ నియమం ప్రకారం ఎంత అనువైన సందులోనైనా గాలి తెగడానికి, అంటే దానిగుండా నిప్పురవ్వ దూకడానికి, సుమారు 330 వోల్టులు కావాలి. మన సందులో ఉన్నవి 500. గాలి తెగిన ప్రతిసారీ ఎనామిల్ కొంచెం కొంచెం తినేస్తుంది.

415 వోల్టుల లైనులో 1000 ఎక్కడిదంటారా? డ్రైవ్ లోపలి డీసీయే దాదాపు 590. దాని పల్సులు నిటారుగా లేచి, కేబుల్ పొడవుంటే మోటారు దగ్గర తిరగబడి రెట్టింపు దాకా పోతాయి. అందులో పెద్ద వాటా మొదటి కాయిల్ మీదే. చేత్తో దింపే వైండింగ్‌లో ఆ కాయిల్ మొదటి చుట్టూ చివరి చుట్టూ స్లాట్‌లో, అంటే వైండింగ్ కూర్చునే గాడిలో, పక్కపక్కనే పడొచ్చు.

తర్వాత అదే సందులో గాలి తీసేసి, పర్మిటివిటీ 4 ఉన్న వార్నిష్ నింపాను. 25 కాస్తా 10కి దిగింది. వార్నిష్‌కి 10 లెక్కే కాదు. వైరు మారలేదు, వోల్టేజీ మారలేదు. స్క్రీన్ మీద ఫీల్డ్ ఎక్కువని చూపే ఎర్రమచ్చ పోవడం చూసి నాన్న "మళ్ళీ గాలి పెట్టు, చూద్దాం" అన్నారు. పెట్టాను. ఇంకేం అనలేదు, వార్నిష్ తొట్టి వైపు నడిచారు.

ఇప్పుడు డ్రైవ్ మోటారు వస్తే వైండింగ్ ముందు వేడిచేసి తేమ పోగొడతాం. వార్నిష్‌లో ముంచాక బుడగలు ఆగేదాకా బయటికి తీయం. ఆరబెట్టి మళ్ళీ ముంచుతాం. బ్రష్‌తో పూసి సాయంత్రానికి ఇచ్చేయమనేవాళ్ళు ఉంటారు. బ్రష్ వార్నిష్ స్లాట్ లోపలికి దిగదండీ, దయచేసి ఒక్కరోజు ఆగండి. డ్రైవ్ నుంచి మోటారుకి కేబుల్ ఎన్ని మీటర్లో కూడా అడిగి జాబ్ కార్డు మీద రాస్తున్నాం. బాగా పొడవుంటే డ్రైవ్ దగ్గరే పల్సుల వాడి తగ్గించే చోక్ పెట్టించుకోమంటున్నాం.