టైరు ఎక్కకపోతే ముందు చూడాల్సిన అంకె

సైకిల్ టైరు రిమ్ముకి ఎక్కకపోతే చాలామంది నేరుగా వంటింట్లోకెళ్లి చెంచాలు తెచ్చుకుంటారు, లేదంటే స్క్రూడ్రైవరు. దయచేసి ఆ పని చెయ్యకండి, కొత్త ట్యూబు అక్కడికక్కడే చిల్లు పడుతుంది. ముందు టైరు పక్క గోడ మీద అచ్చుపోసిన అంకెలు చూడండి. వాటిలో మధ్యలో చిన్న గీత ఉన్న జంట ఒకటి ఉంటుంది, 37-622 లాంటిది. మొదటిది టైరు వెడల్పు. రెండోది టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే. టైరు కొనేటప్పుడు నేను నమ్మేది ఈ జంటనే.

మొన్న శ్రీకాకుళం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాళ్ల తాతయ్య నల్ల సైకిల్‌ని మళ్లీ రోడ్డెక్కించాలని వాడి పట్టుదల. ఆన్‌లైన్‌లో టైరు తెప్పించుకుని సాయంత్రం నుంచీ కుస్తీ పడుతున్నాడు.

"అత్తా, ఎంత లాగినా చివరి జానెడు ఎక్కట్లేదు. మరీ టైటుగా ఉంది."

పాత టైరు మీదా కొత్త దాని మీదా ఉన్నవన్నీ చదవమన్నాను. పాతది 28 × 1½, 40-635. కొత్తది 700 × 35సి, దాని పక్కనే 28 × 1⅝ × 1⅜, ఆపైన 37-622.

"రెండూ ఇరవై ఎనిమిదే కదత్తా!"

ఇరవై ఎనిమిదే, కానీ ఒకటి 635, ఇంకోటి 622. వ్యాసంలో 13 మిల్లీమీటర్లు తేడా అంటే చుట్టుకొలతలో సుమారు 4 సెంటీమీటర్లు. టైరు అంచులో ఉండేది సాగే రబ్బరు కాదు, సాగని తీగ. ఎవరు లాగినా ఆ 4 సెంటీమీటర్లు రావు. వాడు ఆ టైరు వాపసు ఇచ్చి 40-635 తెప్పించుకున్నాడు, అది చేత్తోనే ఎక్కిందట.

ఈ గందరగోళానికి కారణం ఉంది. పాత పద్ధతిలో సైజు పేరు రిమ్ముది కాదు, గాలి కొట్టాక టైరు బయటి వ్యాసానిది. ఫ్రాన్సు వాళ్ల 700 అంటే బయటి కొలత సుమారు 700 మిల్లీమీటర్లు, దాదాపు 28 అంగుళాలు. బయటి కొలత మారకుండా టైరు లావు చేయాలంటే లోపలి రిమ్ము చిన్నది చేయాలి. అందుకే పక్కన ఏ, బి, సి అక్షరాలు పెట్టారు: సన్న టైరుకి ఏ, అది 642, బి అంటే 635, అంటే మన నల్ల సైకిల్, లావు టైరుకి సి, 622. ఆ తర్వాత 622 రిమ్ము మీదకే సన్నవీ లావువీ అన్ని రకాల టైర్లూ వచ్చేశాయి, పేరు మాత్రం 700సిగానే ఉండిపోయింది. ఇప్పుడు 29 అంగుళాలని అమ్మే మౌంటెన్ బైకు రిమ్ము కూడా 622యే.

26 అంగుళాల్లో అయితే ఇంకా దారుణం. 26 × 1.75 అంటే 559, 26 × 1¾ అంటే 571. లెక్కల టీచర్ని అడిగితే రెండూ ఒకటే అంటారు, సైకిల్ మాత్రం ఒప్పుకోదు. 26 × 1⅜ అంటే 590. అన్నిటికంటే నాకు వింతగా అనిపించేది, పాత 27 అంగుళాల టైరు 630 అయితే ఇప్పటి 27.5 టైరు 584. పేరులో పెద్దది, కొలతలో చిన్నది.

సరే, అంకె సరిగ్గానే ఉంది, అయినా టైరు ఎక్కట్లేదు. నా హైబ్రిడ్ సైకిల్ టైరు అలాంటిదే. ఇక్కడ తెలుసుకోవాల్సింది రిమ్ము ఆకారం. టైరు అంచు కూర్చునే చోటు కంటే రిమ్ము మధ్యలో గాడి లోతుగా ఉంటుంది. ఆ గాడి 3 మిల్లీమీటర్లు లోతుంటే చుట్టూ కలిపి సుమారు 19 మిల్లీమీటర్ల వదులు అందులో దాగి ఉన్నట్టు. అదంతా మనకు దక్కదు గానీ సగం దక్కినా చాలు, టైరు ఎక్కేస్తుంది. స్పోకుల తలలు ట్యూబుకి గుచ్చుకోకుండా రిమ్ము లోపల చుట్టే పట్టీని రిమ్ టేపు అంటారు, అది మందంగా ఉంటే ఆ వదులునే తినేస్తుంది. పాత ట్యూబుని కోసి రిమ్ టేపులా వేసి ఉంటే తీసేసి పల్చటి టేపు వేయండి, సగం బాధ అక్కడే తీరుతుంది.

ఒకవైపు అంచు ఎక్కించి, ట్యూబుకి గుండ్రంగా నిలబడేంత గాలి కొట్టి లోపల పెట్టండి. రెండో అంచుని వాల్వుకి సరిగ్గా ఎదుటివైపు నుంచి మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. వాల్వు ఉన్నచోట ట్యూబు మందంగా ఉండి అంచుని గాడిలోకి దిగనివ్వదు, అందుకే అది చివర్లో రావాలి. చివరి జానెడు మిగిలి బిగిసిపోయినప్పుడు అక్కడ తోయకండి. మళ్లీ ఎదుటివైపుకి వెళ్లి, రెండు పక్కలా టైరుని పిండి అంచులని గాడిలోకి దించుకుంటూ, రెండు చేతులతో వాల్వు వైపు లాక్కుంటూ రండి. వదులంతా అక్కడికి చేరుతుంది. ఎక్కిన అంచు మళ్లీ జారిపోతుంటే ఒక గుడ్డ పేలికతో టైరునీ రిమ్మునీ కలిపి కట్టేయండి. మిగిలిన చోట కాస్త సబ్బు నీళ్లు రాసి బొటనవేళ్లతో కాక అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో నెట్టండి. నూనె మాత్రం వద్దు, రబ్బరు పాడవుతుంది. కొత్త టైరు మడతలు పడి బిరుసుగా ఉంటే ముందు కాసేపు ఎండలో ఉంచండి, మెత్తబడుతుంది.

ఇంకా కాకపోతే టైరు అంచుని ఎత్తి ఎక్కించే ప్లాస్టిక్ లివరు, అదీ ఒకేసారి రెండు వేళ్ల వెడల్పు మాత్రమే, కింద ట్యూబు లేదని చూసుకుని.

ఎక్కాక వాల్వు నట్టు వదులు చేసి వాల్వుని ఒకసారి లోపలికి నెట్టి మళ్లీ బయటికి లాగండి, అంచు కింద ఇరుక్కున్న ట్యూబు వదులుతుంది. తర్వాత టైరుని అటూ ఇటూ నొక్కుతూ చక్రం చుట్టూ చూడండి. ఎక్కడైనా ట్యూబు నల్లగా తొంగిచూస్తుంటే గాలి కొట్టొద్దు, ముందు దాన్ని లోపలికి పంపండి. టైరు పక్క గోడ మీద రిమ్ముకి ఆనుకుని సన్నటి గీత ఒకటి చుట్టూ ఉంటుంది. సగం గాలి కొట్టి, చక్రం తిప్పి ఆ గీతని చూడండి. ఎక్కడైనా రిమ్ములోకి మునిగిపోయినట్టుంటే గాలి తీసి, అక్కడ సబ్బు నీళ్లు రాసి మళ్లీ కొట్టండి. గీత అంతటా ఒకే ఎత్తులో కనిపించాకే, టైరు మీద రాసి ఉన్న గరిష్ఠ పీడనం దాటకుండా మిగతా గాలి కొట్టండి.