సీకోనా, ఓరియెంటా?

శనివారం, రాత్రి

వాచీ సంగతి ఇవాళ తేలిపోయింది. సీకో 5 తీసుకుంటున్నాను. సీకో, ఓరియెంట్ రెండూ బ్యాటరీ లేని వాచీలే, చెయ్యి కదిలితే లోపలి స్ప్రింగు బిగుసుకొని నడుస్తాయి. ఓరియెంట్ బాంబినో రేపు తమ్ముడికి ఇచ్చేయాలి.

వాడు కాజీపేట నుంచి వచ్చినప్పుడు "కొన్నాళ్లు పెట్టుకొని చూడక్కా, ఇంకోటి వద్దంటవు" అని తన వాచీ నాకిచ్చి వెళ్లాడు. అందంలో దానికి వంక పెట్టలేను. ఉబ్బెత్తు అద్దం, కింద సన్నటి ముళ్లు, చూస్తూ ఉండాలనిపిస్తుంది. పైగా చేత్తో కీ ఇవ్వొచ్చు. పక్కనున్న కీ మరను బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది కాబట్టి టైం సెకనుతో సహా కలుపుకోవచ్చు. నేను తీసుకునే సీకో 5లోని 7ఎస్26 అనే మెషిన్‌కి ఈ రెండూ లేవు. కాగితం మీద చూస్తే బాంబినోదే గెలుపు.

కానీ 40.5 మిల్లీమీటర్ల వాచీ నా మణికట్టుకు పెద్దదైంది. బోర్డు మీద రాసేటప్పుడు జారి పక్కకు తిరుగుతోంది. ఇక తోలు పట్టా. మే నెల ఎండలో కాలేజీ నుంచి స్కూటీ మీద ఇల్లు చేరేసరికి ఇక్కడ ఎంత చెమట పడుతుందో వరంగల్ వాళ్లకు చెప్పనక్కర్లేదు.

సాయంత్రం కాలేజీ అయ్యాక హన్మకొండ చౌరస్తా దగ్గరి షాపుకు వెళ్లి సీకో అడిగాను. 37 మిల్లీమీటర్లు, స్టీలు చైన్, తేదీ పక్కనే వారం. చేతికి పెట్టుకోగానే కుదిరింది. తిప్పి చూస్తే వెనక గాజు మూత! తమ్ముడి దానికి స్టీలు మూత. నా మనసు అక్కడే అటు మొగ్గింది.

ఆ గాజులోంచి, టైం లెక్క నడిపే బ్యాలెన్స్ చక్రం ఊగడం కనిపిస్తోంది. ఈ మెషిన్ గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఆరు. ఒక పూర్తి డోలనానికి రెండు దెబ్బలు కాబట్టి పౌనఃపున్యం 3 హెర్ట్జ్. సరళ హరాత్మక చలనం పాఠానికి ఏటా దారానికి రాయి కట్టి ఊపుతుంటాను. ఇకమీదట ఇదీ చూపిస్తాను. అర్ధచంద్రంలాంటి బరువు బిళ్ల, అంటే రోటార్, చెయ్యి కదిలినప్పుడల్లా తిరుగుతుంది. ఎటు తిరిగినా స్ప్రింగు బిగుసుకునేలా సీకో వాళ్లు 1959లోనే ఒక చిన్న లివర్ కనిపెట్టారు, మ్యాజిక్ లివర్ అంటారు. బ్యాటరీ లేకుండా ఇంత పని జరగడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఒక్క టెన్షన్ మిగిలింది. పూర్తిగా బిగిస్తే సుమారు 40 గంటలు నడుస్తుంది. శనివారం సాయంత్రం ఐదింటికి తీసి పెడితే సోమవారం పొద్దున తొమ్మిదికి సరిగ్గా 40 గంటలు. ఆగిపోతే? అదే వీధిలో వాచీలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. ఆయన డ్రాయర్ నిండా పాత హెచ్‌ఎంటీలే. అడిగితే, "రోజూ చేతికుంటే దీనికి ఢోకా లేదు బిడ్డా. బీర్వాల పెట్టి మర్చిపోతే ఆగుతది. అప్పుడు అటూ ఇటూ మెల్లగ ఊపి పెట్టుకో" అన్నాడు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి నాలుగు దాకా తేదీ మార్చొద్దని, ఆ వేళలో లోపల తేదీ మార్చే చక్రాల పళ్లు కలిసి ఉంటాయని గట్టిగా చెప్పాడు. ఈ జాగ్రత్త పెట్టెతో వచ్చే కాగితంలో ఉన్నా ఎవరు చదువుతారు, షాపు వాళ్లే నోటితో చెప్పాలి.

సోమవారం పొద్దున కాసేపు ఊపి టైం కలుపుకోవడం నాకు భారం కాదు. ఆదివారం కూడా పెట్టుకుంటే ఆ అవసరమే రాదు, పైగా ఇది ఇంటి పనికీ అడ్డం వచ్చే సైజు కాదు. రోజుకు కొన్ని సెకన్లు ముందో వెనకో అవుతుందంటారు. కాలేజీ బెల్లుకు అది చాలు.

ఒకటో తారీఖున జీతం పడగానే తెచ్చుకుంటాను. చైన్ కొంచెం వదులుగా ఉంది, లింకులు తీయించాలి. ఆ పని పెద్దాయనకే ఇస్తాను.