మేడం అప్పకి ఫోన్ చేసిన రోజు

కౌన్సెలింగ్‌కి వెళ్తున్నానని ఎవరికైనా తెలుస్తుందేమోనని నాకు ఒకటే టెన్షన్. శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్ దగ్గర చుట్టాలెవరైనా చూస్తే చాలు, సాయంత్రానికి మా ఊరంతా పాకిపోతుంది. అందుకే మొదటి రోజే అడిగాను, నేను చెప్పేవి ఎవరికీ చెప్పరు కదా అని. మేడం ఊరికే "చెప్పను" అనలేదు. నీ ప్రాణానికో, ఇంకొకరికో ప్రమాదం ఉందనిపిస్తే చెప్పాల్సి వస్తుందని అప్పుడే అనేశారు.

కొన్నాళ్లకి, బతకాలని లేదన్నాను. ఆవిడ నోట్‌బుక్ మూసి, కుర్చీ నా వైపు జరుపుకుని, "ఇంట్లో ఎవరికి చెబితే నీకు భయం తక్కువ?" అని అడిగారు. అప్పకి, అంటే మా అక్కకి, అన్నాను. నా ఎదురుగానే ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడారు. ఈ రాత్రి తనని ఒంటరిగా వదలకండి, రేపు డాక్టర్‌కి చూపిద్దాం. అంతే. నా ప్రేమ గొడవ, నాన్న మీద కోపం, ఒక్క ముక్క బయటికి రాలేదు. అయినా ఆవిడ మీద కోపమొచ్చింది. ఆ కోపంతోనే అప్ప బండెక్కాను.

చట్టం సంగతి తర్వాత చదివాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గోప్యత మన హక్కు. ప్రాణాపాయం ఉన్నప్పుడు కూడా అవసరమైనంత మేరకే బయటపెట్టాలి. పిల్లలపై లైంగిక వేధింపులు తెలిస్తే మాత్రం 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి.

మీ కౌన్సెలర్ ఈ హద్దులు ముందే చెప్పకపోతే మీరే అడగండి, మొహమాటం వద్దు. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.