ఎనభైకి ఇరవై

మా అబ్బాయికి 14 ఏళ్లు నిండిన సంవత్సరం, వృత్తి బేస్‌బాల్‌లో చాలాకాలం స్కౌట్‌గా (ప్రతిభ ఉన్న ఆటగాళ్లను వెతికి అంచనా వేసే మనిషిగా) పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన మా ఊరి మైదానంలో రెండు రోజుల శిబిరం పెట్టి, పిల్లల పిచింగునూ (అంటే బ్యాటర్‌కు బంతి విసరడం) బ్యాటింగునూ పరిశీలించారు. ముగింపు రోజున ఒక్కొక్కరికీ చేతిరాతతో నింపిన కాగితం ఇచ్చారు. అందులో అన్నీ మాటలే, అంకె ఒక్కటీ లేదు. ఎంట్రన్సు ర్యాంకుల మధ్య పెరిగి పెద్దయిన మావారికి అది మింగుడుపడక, నేరుగా వెళ్లి మార్కులు అడిగారు. ఈ వయసు పిల్లలకు అంకె వేయడంలో అర్థం లేదని ఆయన రెండుసార్లు నచ్చజెప్పి చూసి, చివరికి నవ్వుతూ కాగితం అడుగున ‘ఫాస్ట్‌బాల్ - 20’ అని రాసిచ్చారు. ఫాస్ట్‌బాల్ అంటే పూర్తి వేగంతో విసిరే బంతి.

ఆ రాత్రి వీడియో కాల్‌లో మా అత్తగారు ఆరా తీశారు.

“ఎన్నొచ్చాయిరా నాన్నా?”

“ఇరవై, నానమ్మా.”

“వందకా?”

“కాదు, ఎనభైకి.”

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత “పోనీలే, లెక్కల్లో బాగానే వస్తున్నాయిగా” అన్నారు.

స్కౌట్‌ల కొలత 20తో మొదలై 80తో ముగుస్తుంది. అందులో సున్నాకు చోటు లేదు. 50 అంటే మేజర్ లీగ్ (అమెరికాలో అత్యున్నత స్థాయి వృత్తి బేస్‌బాల్) ఆటగాళ్ల సగటు, అంటే మన లెక్కలో అత్తెసరు మార్కులా కనిపించే ఆ అంకె నిజానికి ఏ పిల్లవాడికైనా దాదాపు అందని చందమామ. మేజర్ లీగ్ ఫాస్ట్‌బాల్ సగటున గంటకు 94 మైళ్ల చుట్టుపక్కల నడుస్తూ ఉంటే, రాడార్ గన్ మీద 68 చూపించిన మావాడికి 20 తప్ప ఇంకేం వస్తుంది? ఇది బోధపడేసరికి మావారికి రెండు రోజులు పట్టింది. నాకైతే ఆ అంకె కంటే, దాని పైన ఉన్న మాటలే ఎక్కువ పనికొచ్చాయి.

అసలు మేము ఆ శిబిరానికి వెళ్లడానికి కారణం, 12 ఏళ్లప్పుడు లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ పోటీల్లో ఎవరికీ అందని బంతులు వేసిన పిల్లవాడు మరుసటి ఏడాదికల్లా మామూలు బౌలర్ అయిపోవడమే (పిచర్ అనాలని మావాడు నన్ను ఇప్పటికీ దిద్దుతూనే ఉంటాడు). చిన్నపిల్లల మైదానంలో పిచర్‌కూ హోమ్ ప్లేట్‌కూ మధ్య దూరం 46 అడుగులు. పెద్దల మైదానంలో 60 అడుగుల 6 అంగుళాలు. 46 అడుగుల నుంచి 60 మైళ్ల వేగంతో వచ్చే బంతి బ్యాటర్‌కు ఇచ్చే వ్యవధి, పూర్తి దూరం నుంచి దాదాపు 79 మైళ్ల వేగంతో వచ్చే బంతి ఇచ్చే వ్యవధికి సమానం. అంటే అప్పటి మావాడి ప్రతాపంలో కొంత భాగం ఆ పొట్టి మైదానానిదే. బోర్డు పరీక్షలో పేపరు తేలికగా వస్తే ఊరంతా ఫస్టు క్లాసే అయినట్టు.

పెద్దాయన పిచింగ్ చూసిన తీరు నాకు ఆశ్చర్యం కలిగించింది. బంతి ఎక్కడ పడిందో పెద్దగా పట్టించుకోకుండా, ముందు కాలు నేలకు ఆనే క్షణంలో మోచేయి భుజం ఎత్తుకు వచ్చిందా, ప్రతి బంతినీ ఒకే చోటు నుంచి వదులుతున్నాడా, వదిలాక ఒళ్లు తూలుతోందా అన్నవే చూస్తూ ఉన్నారు. అలవాటైన కదలిక పదే పదే అదే విధంగా రావడం ముఖ్యమని, వేగం వయసుతో పాటు వస్తుందని కాగితంలో రాశారు. మణికట్టు, భుజాల వెడల్పు చూశాక, కంచె దగ్గర నిలబడ్డ మా ఇద్దరినీ కూడా ఎగాదిగా చూశారు. పిల్లవాడు ఎంత ఎత్తు ఎదుగుతాడో తల్లిదండ్రులను చూసి అంచనా వేస్తారట. అయిదడుగుల రెండంగుళాల నా ఎత్తు మా వంశానికి ఇన్నాళ్లకు అడ్డం వచ్చిందన్నమాట.

ఇక బ్యాటింగ్ దగ్గర ఒకే ఒక్క వాక్యం ఉంది: ‘బంతి మీదికి ఉరుకుతున్నాడు.’ అది చదవగానే మావారి ముఖం మాడిపోయింది, ఎందుకంటే ఆ గుణం ఎక్కడి నుంచి వచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. మావాడు నడక నేర్చినప్పటి నుంచీ పెరట్లో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడిస్తూ “బంతి పడే చోటికి కాలు వెయ్యి” అని వందలసార్లు చెప్పిన మనిషి ఆయనే. క్రికెట్‌లో అది సరైన పాఠమే. బంతి నేల మీద పడి లేస్తుంది కనుక కాలు దాని దగ్గరికి వెళ్లాలి. బేస్‌బాల్‌లో బంతి నేలను తాకకుండానే వస్తుంది. చిన్న అడుగు ముందే వేసి, బరువును వెనక కాలి మీదే నిలిపి, నడుము తిప్పుతూ కొట్టాలి. ముందుకు ఉరికినవాడికి ఫాస్ట్‌బాల్ ఎలాగో తగులుతుంది. కానీ అదే చేతి ఊపుతో నెమ్మదిగా వచ్చే ఛేంజప్ ఎదురైతే బరువంతా అప్పటికే ముందుకు పోయి ఉంటుంది, కొట్టడానికి ఒట్టి చేతులే మిగులుతాయి. మావాడు అవుటైన తీరు సరిగ్గా ఇదే.

2008లో మన దేశంలో జరిగిన ఒక పిచింగ్ పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచి, మేజర్ లీగ్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్న రింకూ సింగ్, దినేశ్ పటేల్‌ల పేర్లు చెప్పి, క్రికెట్ ఆడిన చేతికి ఈ ఆట సులువని మావారు వాదించేవారు. వారిద్దరూ జావెలిన్ విసిరేవారని చూపించాక ఆ వాదన ఆగింది. అయితే గ్లవ్ లేకుండా ఉత్త చేతులతో క్యాచ్‌లు పట్టించినందువల్ల మావాడి చేతులు బంతిని మెత్తగా అందుకుంటున్నాయని పెద్దాయన మెచ్చుకున్న మాట కూడా ఇక్కడ చెప్పాలి. అది నాన్న ఇచ్చిందే.

కౌంటర్ పట్టుకుని పిచ్‌లు లెక్కపెట్టే పని జట్టులో నాకు అప్పగించారు. మా అత్తగారు జపమాల తిప్పినట్టు నేను బొటనవేలితో నొక్కుతూ కూర్చుంటాను. లిటిల్ లీగ్ నియమాల ప్రకారం 13 నుంచి 16 ఏళ్ల వాళ్లకు రోజుకు 95 మించకూడదు. 14 ఏళ్లవాడు 35 దాటితే రెండు రోజులు, 65 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి.

ఇప్పుడు పెరట్లో పాఠం మారింది. మావాడు కాలు ఎంత దూరం వేయవచ్చో గుర్తుగా నేల మీద ఒక చెక్క పెట్టి, నాన్న వల వెనక నిలబడి నెమ్మదిగా బంతులు విసురుతారు. మొన్న ఆదివారం అలసిపోయి, తనకు తెలియకుండానే మోచేయి బిగబట్టి చెయ్యి గుండ్రంగా తిప్పేశారు.

“నాన్నా, మళ్లీ బౌలింగ్ చేస్తున్నావు” అన్నాడు మావాడు.

ఆయన భుజం నొక్కుకుంటూ నా వైపు చూశారు. కౌంటర్ మీద 41 ఉంది. పిచ్‌ల నియమం ప్రకారం నాన్నకు రెండు రోజులు విశ్రాంతి అని మావాడే తీర్పు చెప్పి, బ్యాటు గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయాడు.