‘బండి స్టార్ట్ కావడం లేదు’: ట్రేడ్ టెస్ట్ ప్రాక్టికల్‌కు నేను సిద్ధమైన తీరు

మిత్రులారా, ఐటీఐ ట్రేడ్ టెస్ట్ ఫలితాలు వచ్చాయి. మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్‌లో సీబీటీ (కంప్యూటర్‌లో రాసే పరీక్ష), ప్రాక్టికల్ రెండూ మంచి మార్కులతో పాసయ్యాను. ఫలితం చూసినప్పటి నుంచి అమ్మ ఇంటికి వచ్చినవాళ్లందరికీ మిఠాయి పెడుతూనే ఉంది. ఈ సంతోషం చల్లారక ముందే, వచ్చే ఏడాది రాయబోయే మీకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

సిలబస్, పేపర్ తీరు మీకు తెలిసినవే. సీబీటీకి ఐటీఐల కోసం నిమీ సంస్థ వేసే పుస్తకాలు, భారత్ స్కిల్స్ వెబ్‌సైటులోని ప్రశ్నలు శ్రద్ధగా చేస్తే చాలు. ప్రాక్టికల్ సంగతి వేరు. అక్కడ 60 శాతం రావాలి. బానెట్ ఎత్తి నిలబడ్డాక కంఠస్థం చేసిన జవాబులు చేతికి రావు. అందుకే రెండో ఏడాది సాయంత్రాలన్నీ వరంగల్ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో గడిపాను.

నాకు దారి చూపింది అక్కడికి వచ్చిన ఒక పాత పెట్రోలు కారు. పరకాల వైపు నుంచి తాడు కట్టి లాక్కొచ్చారు. అప్పటికే వేరేచోట బ్యాటరీ మార్చారు, సెల్ఫ్ (ఇంజిన్‌ను మొదట తిప్పే మోటారు) మార్చారు, ఓనరుకు వేలు ఖర్చయ్యాయి. అయినా కీ తిప్పితే ఒక్కటే ‘టక్’. లైట్లు బాగా వెలుగుతున్నాయి, హారన్ గట్టిగానే మోగుతోంది. నేను స్పానర్ అందుకోబోతుంటే ఉస్తాద్ ఆపి, “విప్పడం తర్వాత, ముందు కొలిచి చూడు” అన్నాడు.

బ్యాటరీ కొలిస్తే 12.5 వోల్టులు. కీ తిప్పి పట్టుకున్నా 11 కంటే కిందికి దిగలేదు. బ్యాటరీ బలహీనమైతే ఆ సమయంలో 9.6 కంటే కిందికి పడిపోతుంది, సెల్ఫ్ దగ్గర టకటకమని వరుసగా చప్పుడు వస్తుంది. ఇక్కడ ఆ లక్షణాలు లేవు. అప్పుడు ఉస్తాద్ మల్టీమీటర్ ఎర్ర తీగను ఇంజిన్ బ్లాకుకు, నల్ల తీగను బ్యాటరీ మైనస్‌కు ఆనించమన్నాడు. కీ తిప్పగానే మీటర్ నాలుగు వోల్టులు దాటింది. అర వోల్టు కూడా రాకూడని చోటు అది!

క్లాసులో ఓమ్ సూత్రం ఎన్నిసార్లు రాసినా అర్థం కానిది ఆ క్షణంలో అర్థమైంది. ఎర్త్ దారిలో, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారిలో, 0.03 ఓమ్ నిరోధం ఉందనుకోండి. సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్ లాంటి సోలినాయిడ్ తీసుకునే పది ఆంపియర్లకు పోయేది 0.3 వోల్టు, కాబట్టి ‘టక్’ మంటుంది. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు అడిగేసరికి 4.5 వోల్టులు దారిలోనే పోతాయి. లైట్లు, హారన్ కరెంటు బాడీ నుంచి నేరుగా బ్యాటరీకి వెళ్తుంది. సెల్ఫ్ కరెంటు మాత్రం ఇంజిన్ నుంచి బాడీకి కలిపే పట్టీ గుండానే రావాలి. ఆ పట్టీ బోల్టు విప్పి చూస్తే కింద తుప్పు, పచ్చటి పొడి. ఎమెరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది బిగించాం. ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది. అయిన ఖర్చు ఆ కాగితం ముక్క!

ఆ రోజు నుంచి షెడ్డుకు వచ్చిన ప్రతి బండినీ రెండు రకాలుగా చూడటం మొదలుపెట్టాను: సెల్ఫే తిరగనిది, సెల్ఫ్ తిరిగినా ఇంజిన్ అందుకోనిది. మొదటి రకమైతే బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్, కీ నుంచి సోలినాయిడ్‌కు వచ్చే సిగ్నల్. రెండో రకమైతే పెట్రోలు, స్పార్క్, కంప్రెషన్. సెల్ఫ్ మామూలు కంటే తేలిగ్గా, వేగంగా తిరిగితే వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు తెగిందేమో చూడాలి. డీజిల్ బండి అయితే లైనులో గాలి చేరిందా, సిలిండర్లను ముందుగా వేడి చేసే గ్లో ప్లగ్గులు వేడెక్కుతున్నాయా అని చూడాలి.

పరీక్షలో నాకు రెండో రకం వచ్చింది. న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ చూసుకుని కీ ఆన్ చేశాను. పెట్రోలు పంపు రెండు సెకన్లు గుయ్‌మనాలి, నిశ్శబ్దంగా ఉంది. ఫ్యూజు బాగుంది. పంపుకు కరెంటు కలిపే రిలే పీకితే ఒక కాలుకు సన్నని టేపు చుట్టి ఉంది. అది తీసి పెట్టగానే బండి స్టార్ట్ అయింది. పరీక్షకు వచ్చిన సార్ అంతటితో వదల్లేదు. “పంపు పనిచేస్తూ ఉంటే తర్వాత ఏం చూస్తావు?” అన్నారు. స్పార్క్ చూస్తానని, లేకపోతే బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆర్పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) కనిపిస్తోందో లేదో గమనిస్తానని, సున్నా చూపిస్తే ఆ వేగాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సార్‌నూ దాని వైరింగ్‌నూ పరీక్షిస్తానని చెప్పాను. తల ఊపి రాసుకున్నారు.

“షెడ్డులో మసి పూసుకుంటే మార్కులు వస్తాయా, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు కదా” అని చుట్టాలు చాలాసార్లు అన్నారు. నా నమ్మకం అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే. కొలవకుండా వస్తువు మార్చేవాడు మెకానిక్ కాడు, కస్టమర్ డబ్బుతో అదృష్టం పరీక్షించుకునేవాడు. మన ఎండలకు ఏటా వేసవిలో బ్యాటరీలు దెబ్బతింటాయి, బండ్లు వరుస కడతాయి. ఆ రోజుల్లో సెలవు దొరికితే ఇంట్లో ఉండకండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. ఏ షెడ్డులోనైనా నిలబడి చూడండి. ఊడ్చమంటే ఊడ్వండి, మీటర్ పట్టుకోమంటే పట్టుకోండి. ప్రతి బండి లక్షణం, కొలత, చివరికి దొరికిన లోపం నోటు పుస్తకంలో రాసుకోండి. పరీక్ష ముందు రాత్రి నేను తిరగేసింది ఆ పుస్తకాన్నే.

ఇంకొకటి. పరీక్షలో ఇచ్చే మీటర్‌ను అలాగే వాడకండి. రెండు తీగలూ కలిపి బీప్ వస్తోందో లేదో చూసి, తర్వాత డీసీ 20 వోల్టుల స్కేలుకు తిప్పుకోండి. మీటర్‌తో కొలిచిన ప్రతి అంకెనూ జవాబు కాగితంలో వోల్టులతో సహా రాయండి.