త, ట రెండూ ఒకటేనా?

"పాత పాటలు పెట్టనా?" అన్నాను. ఆరేళ్ల మా పెద్దది వింతగా చూసి, "పాట పాటలేంటమ్మా, రెండుసార్లంటున్నావ్?" అంది. నాలుక పళ్లకు ఆనించి ఒకసారి, పైకి మడిచి ఒకసారి పలికి చూపించాను. "రెండూ ఒకటేగా, నేననను" అని వెళ్లిపోయింది.

అప్పటినుంచీ నా ధ్యాసంతా చంటిదాని మీదే. దానికిప్పుడు ఎనిమిదో నెల. 1984లో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు పసిపిల్లలకు వినిపించి పరీక్షించిన శబ్దాల్లో సరిగ్గా ఈ తేడా కూడా ఉంది. హిందీలోని త, ట శబ్దాలు వినిపిస్తే, ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే 6-8 నెలల పిల్లలు చాలామంది తేడా పట్టేశారు. 10-12 నెలలవాళ్లలో పట్టినవాళ్లు బాగా తక్కువ. వాళ్ల చెవికి వచ్చిన లోపమేం లేదు. చుట్టూ వినబడే భాషకు ఏ తేడాలు కావాలో చెవి వాటికే అలవాటు పడుతుంది.

రెండు భాషలైతే పిల్లలు అయోమయపడతారని బెదిరించేవాళ్లున్నారు. నేను నమ్మను. స్పెయిన్‌లో కాటలాన్, స్పానిష్ భాషలు రెండూ వింటూ పెరిగే పిల్లలు, కాటలాన్‌లో మాత్రమే ఉన్న ఒక అచ్చు తేడాను నాలుగో నెలలో గుర్తించారు, ఎనిమిదో నెలలో గుర్తించినట్టు కనబడలేదు, ఏడాదికి మళ్లీ గుర్తించారు. ఆ మధ్యలో చూసి తీర్పు చెప్పేస్తే ఎంత అన్యాయం!

ప్యాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం 2003లో ఇంకోటి చూపించింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలతో మనిషి ఎదురుగా కూర్చుని చైనా భాష మాండరిన్‌లో మాట్లాడుతూ ఆడిస్తే ఆ శబ్దాలు పట్టుబడ్డాయి. అదే వీడియోలో చూపిస్తే పట్టుబడలేదు. అందుకే ట్యాబ్ పక్కన పెట్టి డైపర్ మార్చేటప్పుడూ, స్నానం చేయించేటప్పుడూ తెలుగులోనే మాట్లాడుతున్నాను. చంటిది నా కళ్లు వదిలేసి పెదాలనే చూస్తుంది, తన పెదాలు కూడా కాస్త కదుపుతుంది. మీరూ అలాగే మాట్లాడండి, పాటలు పెట్టి వదిలేయకండి.

కానీ బడికి టైమవుతుంటే పెద్దదాన్ని తొందరపెట్టడానికి నా నోట ఇంగ్లీషే వస్తుంది. అది చెల్లెలితో ఆడేదీ ఇంగ్లీషులోనే. చంటిదానికి ఎవరి మాట ఎక్కువ ఎక్కుతుందో!

పెద్దదానికి ఇంకా మించిపోయిందేం లేదు. సాధన చేస్తే పెద్దవాళ్లు కూడా ఈ తేడాలు నేర్చుకోగలరు. సరిదిద్దకుండా ఉండటం మాత్రం నాకు చేతకావడం లేదు. రోజూ ఇదే పోరు పెడితే త, ట తేడా తెలుస్తుందేమో గానీ, తెలుగంటేనే విసుగొస్తుందేమోనని భయం.